ఒకే పూచీని నమ్ముకుని ఓడిన ఆర్మేనియా

అజర్‌బైజాన్‌లోని ఆర్మేనియన్ల ప్రాంతం నగోర్నో-కరబఖ్ 2023 సెప్టెంబరులో ఎలా చేజారిందో, లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు రోజుల వ్యవధిలో ఇళ్లు విడిచి ఎలా తరలిపోయారో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఆ పరాజయానికి అజర్‌బైజాన్ చమురు సంపదను, తుర్కియే డ్రోన్లను మాత్రమే కారణంగా చూపే విశ్లేషణలు అసలు సంగతిని దాటవేస్తున్నాయి. శత్రువు బలమెంతో ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌కు ముందే తెలుసు. లెక్క తప్పింది మిత్రుడి విషయంలో.

తుర్కియే, ఇరాన్ సరిహద్దుల కాపలాను రష్యా దళాలకు వదిలేసి, గ్యుమ్రీలోని రష్యా స్థావరం గడువును 2044 దాకా పొడిగించి, గ్యాస్ సరఫరాను గాజ్‌ప్రోమ్‌కూ రైల్వేలను మరో రష్యా సంస్థకూ అప్పగించిన దేశం, మాస్కో మాట తప్పిన రోజున ఏ బలంతో నిలదీయగలదు? 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాడులు జెర్ముక్ వరకు, అంటే ఆర్మేనియా సొంత గడ్డ మీదికే వచ్చినప్పుడు, రష్యా సారథ్యంలోని భద్రతా కూటమిని ఒప్పందం ప్రకారమే సాయం కోరితే, సైన్యానికి బదులు పరిశీలక బృందం వచ్చింది. అప్పటికే ఉక్రెయిన్‌లో కూరుకుపోయిన రష్యాకు అజర్‌బైజాన్, తుర్కియేల అవసరం పెరిగింది. ఆయుధాల కథ మరీ విడ్డూరం: రష్యా నుంచి తెచ్చుకున్న నాలుగు సుఖోయ్-30 యుద్ధ విమానాలు 2020 నాటి 44 రోజుల యుద్ధంలో అక్కరకు రాలేదు. వాటికి క్షిపణులే కొనలేదని ప్రధాని పషిన్యానే తర్వాత అంగీకరించారు.

అటు తుర్కియేతో, ఇటు అజర్‌బైజాన్‌తో సరిహద్దులు మూతపడిన దేశానికి మాస్కో తప్ప వేరే దిక్కేముందని కొందరు అడుగుతారు. 1990లలో అది నిజమే. కానీ 2013లో ఐరోపా సమాఖ్యతో ఒప్పందం చేతికందే దశలో ఉండగా దాన్ని వదిలేసి, పుతిన్ కస్టమ్స్ కూటమి వైపు మళ్లడాన్ని నిస్సహాయత అని సరిపెట్టలేం.

ఆలస్యంగానైనా ఆర్మేనియా తేరుకుంది. 2024లో రష్యా సారథ్యంలోని ఆ భద్రతా కూటమిలో తన పాత్రను స్తంభింపజేసింది. ఫ్రాన్స్ నుంచి రాడార్లు, భారత్ నుంచి పినాక రాకెట్లు, మన హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ తయారుచేసే ఆకాశ్ క్షిపణులు కొంటోంది. అమ్మేవారు నలుగురుంటే ఒకరు మొహం చాటేసినా యుద్ధం ఆగిపోదు.

ఆకాశ్ అమ్మకానికి సంబరపడుతున్న మనం ఒకసారి మన అమ్ములపొదిని కూడా చూసుకోవాలి. 2018లో రష్యాతో కుదిరిన ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థల ఒప్పందంలో ఐదు స్క్వాడ్రన్లకు గాను చివరి రెండింటి రాకను ఉక్రెయిన్ యుద్ధం వెనక్కి నెట్టింది. తేజస్ మార్క్-1ఏ యుద్ధ విమానాల కోసం 2021లో కొన్న 99 అమెరికా ఇంజిన్లలో మొదటిది 2025 మార్చిలో గాని అందలేదు. అదే ఏడాది సెప్టెంబరులో వాయుసేన మిగ్-21లకు వీడ్కోలు పలికేనాటికి, ఆ కొత్త తేజస్ ఒక్కటి కూడా దాని చేతికి రాలేదు.