కంటికి కట్టిన అంటు

కంటి ముందుండే కార్నియా అనే పొర మార్పిడి జరిగిన మర్నాడు కట్టు విప్పగానే మా పెద్దమ్మ అన్న మొదటి మాట, "ఇంతకుముందే కాస్త నయంగా ఉందిరా." డాక్టరు నవ్వారు. ఆయనకు ఆ మాట కొత్త కాదు. మాకు మాత్రం గుండెలు జారిపోయాయి. కట్టు విప్పడం, ఎదురుగా ఉన్న బిడ్డ ముఖం చూసి తల్లి కన్నీళ్లు పెట్టుకోవడం మన సినిమాల్లో ఎన్నిసార్లు చూడలేదు! కంటి ఆపరేషన్ అంటే అంతేనని ఊరంతా నమ్ముతుంది. మేమూ నమ్మాం. ఆ రోజు చీటీ రాసిస్తూ డాక్టరు అన్నారు: "ఆపరేషన్ గంట. వైద్యం ఏడాదిన్నర. చుక్కలు మాత్రం ఎప్పటిదాకా అని నన్ను అడగకండి."

ఈ మాట రోగికి ఆపరేషన్‌కు ముందే, తీరిగ్గా, ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. నేత్రదానం మీద మనం చేసుకునే ప్రచారంలో పదో వంతు కూడా, దానంగా వచ్చిన ఆ పొరను తర్వాత కాపాడుకోవడం మీద జరగడం లేదన్నది నా ఫిర్యాదు.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర. మందం సుమారు అర మిల్లీమీటరు, వెడల్పు 11, 12 మిల్లీమీటర్లు. రక్తనాళాలు ఉండవు కాబట్టే అద్దంలా ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలు దీనికి 'శుక్లపటలం' అని పేరు పెట్టి మంచి చిక్కే తెచ్చిపెట్టాయి. శుక్లం వచ్చేది లోపలి కటకానికి, పటలం ఉండేది పైన. దాంతో కార్నియా దెబ్బతిన్నవాళ్లు కూడా "శుక్లం తీసేసి అద్దం వేయండి" అని అడుగుతుంటారు. పల్లెల్లో వాడే మాటే నయం. "కంట్లో పువ్వు పడింది" అంటారు. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కళ్ల ముందు కనబడుతుంది.

ఆ పువ్వు చాలామందికి పొలంలోనే పడుతుంది. కోతల్లోనో నూర్పిళ్లలోనో వరి ఆకు కంటిని గీస్తుంది, ఊక ఎగిరి పడుతుంది, పాలు పితికేటప్పుడు గేదె తోక చెళ్లున తగులుతుంది. గీత చిన్నదే, దాని వెంట బూజు జాతి సూక్ష్మజీవి లోపలికి పోతుంది. తర్వాత ఇంటి వైద్యం మొదలు: ఆకు పసరు, ఆముదం, చనుబాలు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలు. వేసిన రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, లోపల పుండు మాత్రం పెరిగిపోతుంది. పుండు మానినా మచ్చ మిగులుతుంది. మా పెద్దమ్మ కథ ఇదే. చిత్రం ఏమిటంటే, మార్పిడి తర్వాత ఆ కంటిని నిలబెట్టేవీ స్టెరాయిడ్ చుక్కలే. ఎప్పుడు, ఎవరు చెబితే వేశామన్నదే తేడా.

కన్ను మొత్తాన్ని మార్చరు. 2023లో న్యూయార్క్‌లో ఒక వ్యక్తికి ముఖంలో కొంత భాగంతో పాటు మొత్తం కన్ను అమర్చారు, కానీ ఆ కంటికి చూపు రాలేదు. మార్చేది ముందున్న పొరనే. కంటి వెనక ఉండే రెటీనా పొర, కంటి నరం బాగుంటేనే దానివల్ల ఉపయోగం. డాక్టర్లు దీన్ని గ్రాఫ్ట్ అంటారు. మన భాషలో అది అంటు. కడియం నర్సరీలో మామిడికి అంటు కట్టేవాళ్లకు దీన్ని వివరంగా చెప్పనక్కరలేదు. కొమ్మ కట్టిన రోజున పని అయిపోయిందని వాళ్లెవరూ అనుకోరు. పట్టిందా, వాడిందా అని రోజూ చూస్తారు.

పెద్దమ్మకు చేసింది పూర్తి మందం మార్పిడి. మచ్చపడిన భాగాన్ని ఎనిమిది మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్లలా కోసి తీసి, దాత పొరను అక్కడ పెట్టి, వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో చుట్టూ 16 కుట్లు వేశారు. మత్తు కంటి వరకే. లోపల ఏవో నీడలు కదిలినట్టు తెలిసిందట, నొప్పి లేదంది. బ్లడ్ గ్రూపు కలవాల్సిన పని లేదు. దాత ఎవరో చెప్పరు, అడగకూడదు. కంటి రంగు మారుతుందా అని మా తమ్ముడు అడిగాడు. మారదు, ఆ రంగు కార్నియాది కాదు, దాని వెనకున్న ఐరిస్‌ది.

ఇప్పుడు అందరికీ ఇదే చేయడం లేదు. కార్నియా లోపలి వైపున ఒకే వరుస కణాలు ఉంటాయి. నీటిని తోడేస్తూ పొరను తేటగా ఉంచే పని వాటిది. అవి పోతే మళ్లీ పుట్టవు. శుక్లం ఆపరేషన్ తర్వాత కన్ను ఉబ్బి మసకబారేవాళ్లలో చాలామందికి దెబ్బతినేది ఈ వరుసే. అలాంటివాళ్లకు ఆ లోపలి పొర ఒక్కటే మారుస్తారు. 2006లో నెదర్లాండ్స్‌కు చెందిన హెరిట్ మెలెస్ మొదలుపెట్టిన పద్ధతిలో అది మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త అటూఇటూ ఉండే తెర. దాన్ని గాలి బుడగతో పైకి నొక్కి అతికిస్తారు, కుట్టరు. బుడగ పైకే తేలుతుంది కాబట్టి రోగి వెల్లకిలా పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండాలి. వీళ్లకు చూపు వారాల్లోనే తేటపడుతుంది. కార్నియా శంఖంలా ముందుకు సాగే కెరటోకోనస్ ఉన్న కుర్రవాళ్లకు లోపలి వరుసను అలాగే ఉంచి పై భాగం మారుస్తారు. లోపలి వరుసలో సొంత కణాలే ఉంటాయి కాబట్టి పరాయి పొర మీద ఒళ్లు తిరగబడే భయం చాలా తక్కువ. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు "నాకు చేసేది ఏ పొర?" అని అడగడం రోగి హక్కు. ఏడాది పాటు ఏం ఎదురుచూడాలన్నది ఆ జవాబును బట్టే ఉంటుంది.

పూర్తి మందం మార్పిడిలో చూపు మెల్లగా, వంకరటింకరగా వస్తుంది. కుట్లు పొరను ఒక్కోవైపు ఒక్కోలా లాగుతాయి. కొన్ని నెలల తర్వాత ఏ కుట్టు ఎటు లాగుతోందో చూసుకుని ఒక్కొక్కటిగా తీస్తారు. చివరికి కళ్లద్దాలో, గట్టి కాంటాక్ట్ లెన్సో తప్పకపోవచ్చు. పదో నెలలో పెద్దమ్మ కంట్లో ఇసుక పడినట్టుందంది. "పండగ వెళ్లాక చూద్దాంలే" అని తనే తేల్చేసింది. బలవంతంగా తీసుకువెళితే తేలిందేమిటంటే, ఒక కుట్టు వదులై కొస పైకి లేచింది. ఆ కొస వెంట చీము పట్టి కన్నే పోయే ప్రమాదం ఉందట. తీయడానికి రెండు నిమిషాలు పట్టలేదు.

ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. పరాయి పొర మీద ఒళ్లు తిరగబడుతున్న గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరు చెప్పినట్టు గంటగంటకూ స్టెరాయిడ్ చుక్కలు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది, వారం ఆగితే పొర తెల్లబారుతుంది. అయిదేళ్ల తర్వాత కూడా ఇది రావచ్చు. రెండోసారి కట్టిన అంటు మొదటిదంత బాగా పట్టదు. అలాగని చుక్కలు ఇష్టం వచ్చినట్టు వేసుకున్నా కంటి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, అందుకే మధ్యమధ్య కొలిపించుకోవాలి.

మన వాళ్లు పథ్యంలో దిట్టలు. ఏ డాక్టరూ చెప్పకపోయినా మా ఇంట్లో మూడు నెలలు వంకాయ, గోంగూర వండలేదు. పాటించాల్సిన పథ్యాలు వేరే ఉన్నాయి. కన్ను నలపకూడదు, తలంటు డాక్టరు చెప్పేదాకా వద్దు, రాత్రి ప్లాస్టిక్ మూత పెట్టుకునే పడుకోవాలి. కోసి కుట్టిన చోటు ఎన్నేళ్లయినా పూర్వపు గట్టితనానికి రాదు కాబట్టి గేదె కొమ్ముకు దూరంగా ఉండాలి. కంటి ఎరుపు పోగానే "తగ్గిపోయింది" అని చుక్కలు మానేసేవాళ్లు ఎందరో. వాళ్లను తిట్టి లాభం లేదు. ఒక్కసారి చూపించుకోవాలంటే రెండు కూలి రోజులు, తోడు వచ్చేవాళ్ల కూలి, బస్సు ఖర్చు పోతాయి.

హైదరాబాద్ ఈ రంగంలో ప్రపంచానికి తెలిసిన ఊరు. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వేల సంఖ్యలో మార్పిడులు చేసింది. హైదరాబాద్‌లోని ఐఐటీ, కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలతో కలిసి 2022లో త్రీడీ ముద్రణతో కార్నియాను తయారుచేసి కుందేలు కంట్లో పరీక్షించింది. రేపు దాతలతో పని లేకుండానే పొర దొరకవచ్చు. అప్పుడు కూడా పదో నెలలో వదులైన కుట్టును చూసేవాళ్లు మండల కేంద్రంలో ఉండాలి కదా. ఏ ఆసుపత్రైనా ఎన్ని మార్పిడులు చేశామో చెబుతుంది. రెండేళ్ల తర్వాత వాటిలో ఎన్ని తేటగా ఉన్నాయో కూడా ఆ పక్కనే రాయాలని అడగాలి. పల్లె కంటి కేంద్రంలో ఒత్తిడి కొలిచి, కంటి ఫొటో తీసి పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉంటే కొందరి కూలి రోజులు మిగులుతాయి, కొన్ని కళ్లూ మిగులుతాయి.

పెద్దమ్మకు ఇప్పుడు నాలుగో ఏడు. కళ్లద్దాలతో బియ్యంలో రాళ్లు ఏరుతుంది. బస్సు బోర్డు మీది ఊరి పేరు చదవడానికి మాత్రం కాస్త తడుముకుంటుంది. చుక్కల సీసాను దేవుడి గూట్లో అగ్గిపెట్టె పక్కన పెట్టుకుంది. పొద్దున దీపం వెలిగించాక ఒక చుక్క.