పర్షియనా, సెల్లార్ పిల్లా?

(విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్. అక్క, బావ, ఆరేళ్ల పాప, బావ వాళ్ల అమ్మగారు. పాప పిల్లి కావాలని పట్టుబట్టింది. అక్క పర్షియన్ అని తేల్చేసింది. తమ్ముడికి పెంపుడు జంతువుల మందుల షాపు ఉంది. అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో, వీధుల్లో దొరికే దిక్కులేని పిల్లుల్ని సాకి ఇళ్లకు అప్పగించడం అతని అలవాటు. పిల్లి బయట తిరగకుండా ఇంట్లోనే ఉండాలన్న మాట ఒక్కటే ఇద్దరూ ఒప్పుకున్నది. మిగతాదంతా పేచీయే.)

అక్క: ముందే చెప్తున్నా. నువ్వు కాలవ గట్టున దొరికిన పిల్లిని సంచీలో వేసుకొచ్చి "మేనకోడలికి కానుక" అన్నావంటే గుమ్మం దగ్గరే ఆపేస్తాను.

తమ్ముడు: తేనులే. ముందు నువ్వు చూసిన దాని సంగతి చెప్పు.

అక్క: తెల్లది, డాల్ ఫేస్. రెండు నెలల పిల్ల. ట్రిపుల్ కోట్ అట. పదిహేను వేలన్నాడు, పన్నెండుకి దిగుతాడు. ఎందుకు పర్షియనే అంటావా? పెద్దగా అరవదు. బీరువాలెక్కి దూకదు. ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటుంది. చిన్నపిల్లా పెద్దావిడా ఉన్న ఇంటికి అంతకంటే ఏం కావాలి?

తమ్ముడు: ట్రిపుల్ కోట్ అనేది అమ్మేవాళ్లు పుట్టించిన మాట. బొచ్చు ఒత్తుగా ఉందని చెప్పడం, అంతే. ఆ బొచ్చుని రోజూ దువ్వాలి. నాలుగు రోజులు వదిలేస్తే చంకల్లో, పొట్ట కింద ఉండలు కట్టి చర్మాన్ని లాగేస్తుంది. చివరికి గొరిగించడమే. దానికి లయన్ కట్ అని పేరు పెట్టి వేరే డబ్బులు. పొద్దున్నే పాప జడ వెయ్యడానికే నీకు టైం చాలడం లేదు.

అక్క: దువ్వడం పాప చేస్తుంది.

తమ్ముడు: వారం రోజులు చేస్తుంది. (ఇది మాత్రం పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా చెప్తారు.) ఇక ఎండ. మే నెలలో బెజవాడ ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? పిల్లికి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాక్కుని ఒళ్లు తడుపుకుంటుంది, మరీ వేడెక్కితే నోరు తెరిచి ఆయాసపడుతుంది. అంత బొచ్చు, చప్పిడి ముక్కు ఉన్నదానికి ఆ ఊపిరి కూడా సరిగా ఆడదు. కళ్ల నీళ్లు కారే దారి నొక్కుకుపోయి మొహం మీద చారలు కడతాయి. నువ్వూ బావా ఆఫీసుకి పోయాక పగలంతా ఏసీ వేసి ఉంచుతావా? అత్తయ్యగారికి ఏసీ పడదు కూడాను.

అక్క: నువ్వు చెప్పేది పంచ్ ఫేస్ సంగతి. మొహం పళ్లెంలా ఉండి, ముక్కు కళ్ల మధ్యకి పోయిన రకం. నేను చూసినది డాల్ ఫేస్. ముక్కు నిక్షేపంలా ఉంది. అన్నిటినీ ఒకే గాట కట్టకు.

(ఇక్కడ అక్క మాటలో నిజముంది. మన ఊళ్లలో పర్షియన్ పేరుతో అమ్మే వాటిలో పాతకాలపు పొడుగు ముక్కు రకాలు, వాటి సంకరాలు చాలానే ఉంటాయి. ఊపిరి బాధ వాటికి తక్కువే. కాకపోతే బొచ్చు బొచ్చే, ఎండ ఎండే.)

తమ్ముడు: సరే, ముక్కు వదిలేస్తాను. మూత్రపిండాల సంగతి అడిగావా? పర్షియన్లలో వంశంలో వచ్చే జబ్బు ఒకటుంది. కిడ్నీల్లో నీటి తిత్తులు పుట్టుకతోనే మొదలై వయసుతో పెరుగుతాయి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో సగానికి వచ్చే అవకాశం ఉంది. నడివయసు దాకా పైకి ఏమీ కనపడదు. కారణమైన జన్యువులో లోపం ఎక్కడుందో 2004లోనే కనిపెట్టారు. బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి పంపిస్తే పరీక్ష అయిపోతుంది. తల్లిదండ్రుల రిపోర్టు చూపించమని అడుగు. చూపిస్తే నేను నోరెత్తను.

అక్క: అడుగుతాను.

తమ్ముడు: అడిగాక వాడి మొహం చూడు.

అక్క: నీ వెటకారం అలా ఉంచు. ఇప్పుడు నా ప్రశ్నకి జవాబు చెప్పు. జాతి పిల్లిని కొంటే ఎలాంటి గుణం వస్తుందో ముందే కొంత తెలుస్తుంది. ఊరికే అనడం లేదు, చదివే మాట్లాడుతున్నా. 2019లో హెల్సింకీ విశ్వవిద్యాలయం వాళ్లు 5,700కి పైగా పిల్లుల యజమానుల్ని అడిగి లెక్కలు తీశారు. బ్రిటిష్ షార్ట్‌హెయిర్ నెమ్మది, మనుషుల్ని పూసుకు తిరగదు. కోరాట్ మనిషిని వదలదు. రష్యన్ బ్లూకి కొత్తవాళ్లంటే బెరుకు. ఈ గుణాల్లో దాదాపు సగం వంశంలోంచే వస్తాయని తేల్చారు. నీ సెల్లార్ పిల్లికి తండ్రెవరో ఎవరికి తెలుసు? పాప తోక లాగితే నవ్వుతుందో, పీకుతుందో ఎలా చెప్తావు?

తమ్ముడు: ఏ పిల్లీ నవ్వదు. అయినా మంచి ప్రశ్న. సగం వంశం అన్నావుగా, మిగతా సగం? పిల్లికి రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతులు అలవాటు కావాలి. ఆ వయసులో రకరకాల మనుషులు ఎత్తుకుని ఆడించిన పిల్ల జీవితమంతా మనిషిని నమ్ముతుంది. నువ్వు చూసిన తెల్లది ఆ అయిదు వారాలు ఎక్కడ గడిపింది? ఇంట్లో మనుషుల మధ్యా, గదిలో బోనులోనా?

అక్క: అదే మాట నీ సెల్లార్ పిల్లలకీ వర్తిస్తుంది కదరా! పార్కింగ్‌లో కారు కింద పుట్టి మూడు నెలలు మనిషి చెయ్యి తగలని దాన్ని తెచ్చి ఇక్కడ వదిలితే అది ఫ్రిజ్ వెనకాల కాపురం పెడుతుంది. కింది ఫ్లాట్ వాళ్లకి అలాగే జరిగింది. ఆర్నెల్లు మనిషి కనపడితే బుస్సుమనేది. వాళ్ల అబ్బాయికి చెయ్యంతా గీతలే.

తమ్ముడు: ఆ విషయంలో నిన్ను తప్పుపట్టను. బాగా ముదిరాక పట్టుకున్న పిల్లికూనల్ని చిన్నపిల్లలున్న ఇంటికి నేనూ ఇవ్వను.

అక్క: అదీ! మరి ఇంకేం మాట్లాడతావు?

తమ్ముడు: మాట్లాడతాను. గుణం ముందే తెలియాలన్నావు. దానికి జాతి పేరెందుకు, పిల్లినే చూడొచ్చుగా! రెండు నెలల కూన పెద్దయ్యాక ఎలా ఉంటుందనేది ఏ జాతిలోనైనా అంచనాయే. రెండేళ్ల పిల్లి గుణం కళ్ల ముందే ఉంటుంది. పిల్లల గోల తట్టుకుంటుందా, కుక్కర్ విజిల్‌కి బెదురుతుందా, ఎత్తుకుంటే ఎంతసేపు ఊరుకుంటుంది అనేవి గంట కూర్చుంటే తెలిసిపోతాయి. నీకు కావలసినది నెమ్మదైన పిల్లి. పర్షియన్ అనేది దానికి నువ్వు పెట్టుకున్న ముద్దుపేరు.

(అక్క దీనికి వెంటనే జవాబివ్వలేదు. టీ పెట్టడానికి లేచింది. నా మటుకు వాదంలో తమ్ముడు గెలిచిన ఒకే ఒక్క చోటు ఇది. తర్వాత అతను ఆయుష్షు లెక్కలు ఎత్తుకుని ఆ గెలుపు పాడుచేసుకున్నాడు.)

తమ్ముడు: ఇంకోటి. బ్రిటన్‌లో పిల్లుల ఆయుర్దాయం లెక్కలు 2024లో వచ్చాయి. ఏ జాతీ కాని మామూలు పిల్లులు సగటున 11.9 ఏళ్లు. పర్షియన్ 10.9, మెయిన్ కూన్ 9.7, బెంగాల్ 8.5, బొచ్చు లేని స్ఫింక్స్ అయితే 6.7.

అక్క: బర్మీస్?

తమ్ముడు: ...14.4.

అక్క: నాకు పనికొచ్చేది దాచి, నీకు పనికొచ్చేవి చదువుతున్నావు. అవి కూడా బ్రిటన్ పిల్లులు. మన సెల్లార్ పిల్లి ఇంట్లోకొచ్చాక ఎన్నేళ్లు బతుకుతుందో ఎవరైనా లెక్కకట్టారా?

తమ్ముడు: నా దగ్గర లేదు. సరే, బర్మీస్ తెస్తావా?

అక్క: ఇక్కడ ఎవడమ్ముతాడు? అమ్మినా అది బర్మీసేనని ఎవడు చెప్తాడు?

తమ్ముడు: అదే నేనూ అంటున్నది. పుస్తకంలో ఉన్న జాతి వేరు, షాపులో దొరికేది వేరు. రాగ్‌డాల్ అని ఒకటుంది. 1960లలో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన జాతి. ఎత్తుకుంటే గుడ్డబొమ్మలా ఒళ్లు వదిలేస్తుందని ఆ పేరు. పిల్లలున్న ఇంటికి మంచిదే. ఇక్కడ నీలి కళ్లున్న ప్రతి పర్షియన్ సంకరానికీ ఆ పేరు తగిలించేస్తున్నారు. బెంగాల్ సంగతి అడగకు. చిరుతలా మచ్చలుండే అడవిపిల్లి జాతితో కలిపి పుట్టించింది. మూడు గదుల ఫ్లాట్‌లో పెడితే కాలుగాలిన పిల్లి అంటే ఏమిటో రోజూ చూస్తావు. చెవులు ముడుచుకున్న స్కాటిష్ ఫోల్డ్ ఫొటోల్లో ముద్దొస్తుంది కానీ చెవిని అలా వంచే లోపమే ఒంట్లో కీళ్లనీ పాడుచేస్తుంది. దాన్ని మాత్రం ఎవరు తెచ్చుకుంటామన్నా అడ్డం పడతాను.

అక్క: దాన్ని నేనూ అడగడం లేదు. మరి మీ బావ తుమ్ములు? పిల్లి బొచ్చు పడదాయనకి.

తమ్ముడు: పడనిది బొచ్చు కాదు. పిల్లి ఉమ్మిలో, చర్మం నూనెలో ఉండే ఒక ప్రొటీన్. నాక్కున్నప్పుడు ఒళ్లంతా పట్టి, ఎండి, గాల్లో కలుస్తుంది. బొచ్చు లేని పిల్లికీ అదుంటుంది. ఎలర్జీ అస్సలు రాని జాతంటూ లేదు. ఒక్కో పిల్లిలో మోతాదు ఒక్కోలా ఉంటుంది. కాబట్టి బావని తీసుకెళ్లి ఆ పిల్లి దగ్గరే రెండు మూడుసార్లు కూర్చోబెట్టాలి. తుమ్మితే వద్దు.

అక్క: ఇక అసలు గండం మా అత్తయ్యగారు. పిల్లి ఎదురొస్తే అపశకునం అనేదాన్ని ఎలాగో ఒప్పించాను. రోజూ గుమ్మంలోనే ఉంటే ఎదురు రావడమేముంది అన్నాను. నవ్వారు. కానీ ఇంట్లోకి మాంసం రానివ్వరు. పాలూ పెరుగన్నం పెడదామంటున్నారు.

తమ్ముడు: అక్కడ జాతి గీతి లేదక్కా, ఏ పిల్లైనా ఒకటే. పిల్లికి టారిన్ అనే పదార్థం తిండిలోంచి రావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది. అది చాలకపోతే కంటి చూపు పోతుంది. గుండె కండరం సాగి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. ఆ తర్వాతే పిల్లి తిండి కంపెనీలు టారిన్ పెంచాయి. పాలు కూడా పెద్ద పిల్లులకి చాలావాటికి అరగవు, విరేచనాలవుతాయి. అత్తయ్యగారు ఒప్పుకోకపోతే పిల్లి మాటే మానేద్దాం.

అక్క: పొడి గింజల తిండి ప్యాకెట్ వంటింట్లోకి రాకుండా బాల్కనీలో పెడితే?

తమ్ముడు: అది నడుస్తుంది. నీళ్లు మాత్రం గిన్నెల్లో రెండు మూడు చోట్ల పెట్టాలి. గింజలు తినే పిల్లి నీళ్లు తక్కువ తాగితే మూత్రం సమస్యలొస్తాయి. ఆవిడ మందుల డబ్బాకి మూత గట్టిగా ఉండాలి. పారాసిటమాల్ ఒక్క బిళ్ల చాలు, పిల్లి పోతుంది. జ్వరమొచ్చిందని జాలితో సగం బిళ్ల వేసి, ఆ తర్వాత నా షాపుకి పరిగెత్తుకొచ్చినవాళ్లని చూశాను.

అక్క: టెన్షన్ పెట్టకు. సరే, నీ మనసులో ఏదో పిల్లి ఉంది. బయటపెట్టు.

తమ్ముడు: అమెరికా వెళ్లిపోతున్న కుటుంబం ఒకటుంది. వాళ్ల ఆడపిల్లి, నాటుదే, బూడిద రంగు చారలది. రెండేళ్లు. కూనప్పటినుంచి ఫ్లాట్‌లోనే పెరిగింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, పిల్లులకొచ్చే మూడు జబ్బులకి కలిపి వేసే ట్రైక్యాట్, రేబిస్ టీకాలు అయిపోయాయి. ట్రేలోనే పోసుకుంటుంది. వాళ్లకిద్దరు చిన్నపిల్లలు.

అక్క: అంటే ఇంతసేపూ సెల్లార్ పిల్లి అని వాదించి, ఇంట్లో పెరిగిన పిల్లిని చూపిస్తున్నావా?

తమ్ముడు: వాళ్లు తెచ్చింది సెల్లార్ నుంచే.

అక్క: చూస్తాను. చూడటమే, మాటివ్వడం లేదు. పాప దాన్ని చూసి మొహం ముడుచుకుంటే మళ్లీ తెల్లదాని దగ్గరికే వెళ్తాను, కిడ్నీ రిపోర్టు అడిగి మరీ. రూపం కూడా లెక్కేరా. పదిహేనేళ్లు కళ్లెదురుగా తిరిగేది అందంగా ఉండాలనుకోవడం నేరమా?

తమ్ముడు: నేరం కాదు. చారల పిల్లి అందంగా ఉండదని ఎవరన్నారు?

అక్క: నువ్వు అమ్మకాల్లో ఉండాల్సినవాడివి. చూడ్డానికి ఎప్పుడెళ్దాం?

తమ్ముడు: ముందు బాల్కనీ. ఇప్పుడున్నది పావురాల కోసం కట్టిన నైలాన్ వల, మూల చిరిగింది. పిల్లి ఎప్పుడూ కాళ్ల మీదే పడుతుందని ధీమా పడకు. న్యూయార్క్‌లో మేడల మీంచి పడి ఆస్పత్రికొచ్చిన 132 పిల్లుల వివరాలు 1987లో ప్రచురించారు. చాలావరకు బతికాయి కానీ ఛాతీ దెబ్బలు, పళ్లు దవడలు విరగడం, కాళ్లు విరగడం. ఇనప జాలీ వేయించాలి, వంటింటి కిటికీకి కూడా.

అక్క: వేయించు. జాలీ ఖర్చు నీదే, మేనమామ కట్నం అనుకో. ట్రే ఎవరు ఎత్తిపోస్తారు?

తమ్ముడు: పాప అన్నావుగా?

అక్క: అది దువ్వడానికి. ట్రే సంగతి మీ బావకి నువ్వే చెప్పు.