వెలుతురు ముందా, దూరం ముందా? రెండో లెన్సు మీద ఒక వాదం

గుంటూరులో ఒక ఇల్లు. డిగ్రీలో చేరిన కుర్రవాడు ఎవరో వాడి అమ్మిన నికాన్ డి3500 కెమెరా కొన్నాడు. దానితోపాటు 18-55 లెన్సు వచ్చింది. ఈ అంకెలు మిల్లీమీటర్లు: అంకె తగ్గితే ఎక్కువ వెడల్పు కనబడుతుంది, పెరిగితే దూరపువి దగ్గరగా కనబడతాయి. చేతిలో ఇంకొక్క లెన్సుకు సరిపడా డబ్బు ఉంది, రెండింటికి లేదు. ఏది కొనాలన్నది తేల్చడానికి ఇద్దరు కూర్చున్నారు. మామయ్య ఫిల్ము రోజుల నుంచి స్టూడియో నడిపిన మనిషి, 70-300 జూమ్ కొనాలంటాడు. మేనకోడలు, అంటే ఆ కుర్రవాడి అక్క, 35 ఎఫ్/1.8 ప్రైమ్ కొనాలంటుంది. ప్రైమ్‌లో ముందుకూ వెనక్కూ తిప్పేది ఏమీ ఉండదు, 35 అంటే 35 మాత్రమే. ఎఫ్ పక్కన అంకె ఎంత తగ్గితే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది. కుర్రవాడిని మాట్లాడనివ్వలేదు. కొనేవాడిని మాట్లాడనిచ్చిన వాదం నేనింతవరకు చూడలేదు.

మేనకోడలు: మామయ్యా, వాడి కార్డులో ఉన్న ఫొటోలు చూశారా? సగానికి పైగా మా చంటిదానివే. అన్నీ ఇంట్లో, రాత్రిపూట, ట్యూబులైటు కింద తీసినవి. ఒక్కదానిలోనూ కళ్ళు స్పష్టంగా లేవు.

మామయ్య: ఆ లెన్సులో వీఆర్ ఉంది కదమ్మా. చెయ్యి వణికినా అది సర్దుకుంటుంది.

మేనకోడలు: చేతి వణుకునైతే సర్దుతుంది. పిల్ల తల తిప్పితే ఏం చేస్తుంది? ఆ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్/1.8 దానికి దాదాపు పదింతల వెలుతురు పంపుతుంది. ఫొటోకు సెకనులో పదిహేనో వంతు పట్టే చోట నూట యాభయ్యో వంతు సరిపోతుంది. పాకే పిల్ల విషయంలో ఫొటో వచ్చిందా చెడిందా అన్నది ఆ తేడాలోనే ఉంది.

మామయ్య: ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుతురును పట్టే శక్తి, పెంచమను. మేము 400 స్పీడు ఫిల్ముతో పెళ్ళిళ్ళకు పెళ్ళిళ్ళే చేశాం. ఈ కెమెరాలో 3200 పెట్టినా ఆల్బంలో పెట్టుకునే సైజు ప్రింటుకు లోటు రాదు. ఇంకా వెలుతురు కావాలా? లెన్సు జోలికి పోకుండా తల పైకి తిరిగే ఫ్లాష్ ఒకటి కొనమను. తెల్లటి సీలింగు మీదకు కొడితే గదంతా మెత్తటి వెలుతురు పరుచుకుంటుంది. మా రోజుల్లో ఇళ్ళలో ఫొటోలు అలాగే తీశాం.

మేనకోడలు: పెళ్ళింట్లో సరే. నిద్రపోయే పిల్ల మీదా, గుడిలో దీపారాధన దగ్గరా ఫ్లాష్ కొడతామా? ఆ వెలుతురు ఎలా ఉందో అలా కావాలనే కదా కెమెరా తీసేది.

(ఫ్లాష్ మాట తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. కొత్తవాళ్ళలో చాలామంది ఆ దారి ఒకటి ఉందని కూడా తెలియకుండానే లెన్సులు కొంటారు. కాని గుడి విషయంలో నా ఓటు అమ్మాయికే.)

మామయ్య: సరే, ప్రైమే అనుకుందాం. అలాంటప్పుడు అందరూ 50 కొనమంటారు, నువ్వు 35 అంటావేం? ముఖం తీయడానికి 50ని మించింది లేదు.

మేనకోడలు: ఫిల్ము కెమెరాలో 50 వేరు మామయ్యా. ఈ కెమెరాలో ఫిల్ముకు బదులు ఉండే సెన్సార్ చిన్నది. ఒకటిన్నరతో హెచ్చవేయాలి, అంటే ఇందులో 50 మీ పాత కెమెరాలో 75 చూపినంతే చూపుతుంది. మా హాలులో గోడకు ఆనుకుని నిలబడితే ఎదుటి సోఫా మూడు మీటర్ల దూరం. అక్కడి నుంచి 50కి కనబడేది మీటరున్నర వెడల్పు కూడా ఉండదు. చంటిదీ అమ్మమ్మా పడతారు, తాతయ్య బయట ఉంటారు. 35కి రెండు మీటర్లు దొరుకుతుంది, ముగ్గురూ పడతారు. మీరు మెచ్చుకునే ఆ పాత 50 చూపు ఈ కెమెరాలో 35కే వస్తుంది. నికాన్ 2009లో దీన్ని చిన్న సెన్సార్ కెమెరాల కోసమే తెచ్చింది.

మామయ్య: మరి 18 పెడితే అదే చోటు నుంచి దాదాపు నాలుగు మీటర్లు కనబడుతుంది, వీధి గుమ్మంతో సహా. అది వాడి చేతిలో ఇప్పటికే ఉంది. ఇంకో మాట చెబుతాను విను. ఎఫ్/1.8కు తెరిచి మీటరున్నర దూరం నుంచి 50తో తీస్తే స్పష్టంగా ఉండే మందం ఆరు సెంటీమీటర్లు. కన్ను బాగుంటే చెవి మసక. నీ 35తో అయితే దానికి రెట్టింపు. పక్కపక్కన కూర్చున్నవాళ్ళలో ఒకరు కాస్త ముందుకు వంగితే రెండోవారి ముఖం పోయినట్టే. కొత్తగా నేర్చుకునేవాడు ఆ మసకను చూసి మురిసిపోయి, అన్నీ పూర్తిగా తెరిచే తీస్తాడు. చివరికి ఇంట్లోవాళ్ళ ఫొటోలన్నిటిలో ఒక్క ముక్కే తేటగా ఉంటుంది.

మేనకోడలు: ఎఫ్/2.8కు తగ్గించుకోవడం రెండు రోజుల్లో నేర్చుకుంటాడు. తెరిచే వీలున్న లెన్సును మూసుకోవచ్చు. అసలు తెరుచుకోని లెన్సును ఏం చేస్తాం?

మామయ్య: నడుస్తాం. వెలుతురున్న చోటికి నడుస్తాం. పిల్లను కిటికీ దగ్గర కూర్చోబెడతాం, ఇంకో లైటు వేస్తాం. ఇప్పుడు అసలు మాటకు వస్తాను. వాడు పోయిన ఆదివారం ఉప్పలపాడు వెళ్ళాడు. చెరువు మధ్యలో తుమ్మచెట్ల నిండా పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు. 55తో తీస్తే ఫొటోలో చెట్టు ఉంది, చెట్టు మీద తెల్ల చుక్కలు ఉన్నాయి. అక్కడ ముందుకు నడవడానికి నీళ్ళు అడ్డం. వెలుతురు తెచ్చుకోవచ్చు, కొంగను తెచ్చుకోలేం. ఒకటిన్నర లెక్క ఇప్పుడు నాకు పనికొస్తుంది: 300 ఇందులో 450 చూపినంత దగ్గరగా చూపుతుంది. అక్కడ ఎఫ్/6.3 అయినా బాధ లేదు, ఎండ ఉంది.

మేనకోడలు: ఎగిరే పక్షికి సెకనులో వెయ్యో వంతు కావాలి. పొద్దున్నే వెళితే ఎఫ్/6.3 దగ్గర అదీ కష్టమే. సరే, కూర్చున్న పక్షి అనుకుందాం, ఒప్పుకుంటాను. కాని కొంగలు వచ్చే ఏడాది మళ్ళీ వస్తాయి. చంటిదానికి మళ్ళీ తొమ్మిది నెలలు రావు.

(మామయ్య కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాట లెన్సు గురించి కాదు, బేరం గురించి. అదే సగం ఒప్పుకోవడం.)

మామయ్య: కొంటే చూసి కొనమను. వాడినవి అమ్మేచోట 50 ఎఫ్/1.8డి అని ఒకటి చవగ్గా చూపిస్తారు. మంచి గాజే. కాని దానిలో ఫోకస్ మోటారు లేదు, డి3500లోనూ లేదు. బటన్ నొక్కితే ఏ కదలికా ఉండదు. పేరులో ఏఎఫ్-ఎస్ గాని ఏఎఫ్-పి గాని ఉండాలి.

మేనకోడలు: మీరు చెప్పే 70-300లోనూ ఒక మెలిక ఉంది. ఏఎఫ్-పి డీఎక్స్ 70-300 రెండు రకాలు, చూడడానికి ఒకేలా ఉంటాయి. ఒకదాని మీద వీఆర్ అని ఉంటుంది, ఇంకోదాని మీద ఉండదు. 300 దగ్గర అది లేకపోతే చేతితో పట్టుకుని తీయడం కొత్తవాడి వల్ల కాదు.

మామయ్య: ఏదైనా సరే, వెనక నుంచి సెల్‌ఫోను టార్చి వేసి గాజు లోపల చూడమను. సాలెగూడులాంటి పోగులు కనబడితే ఫంగస్. మన వానాకాలపు తేమకు బీరువాలో పడేసిన లెన్సులకు అది పట్టేస్తుంది. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనాలి. ఇంకో సంగతి, రేపు వాడు లోపల అద్దం లేని కొత్తరకం కెమెరాకు, అదే మిర్రర్‌లెస్‌కు, మారితే ఇవన్నీ వృథా అంటున్నారే?

మేనకోడలు: కావు. నికాన్ మిర్రర్‌లెస్‌లైన జెడ్ కెమెరాలకు ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ ఉంది. ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లెన్సులు దానితో ఆటోఫోకస్ కూడా చేస్తాయి. మోటారు లేనివే ఆటోఫోకస్ చేయవు.

మామయ్య: అయితే నా బీరువాలో ఉన్నదానికి అక్కడా చోటు లేదన్నమాట. 70-300 డి, స్టూడియో రోజులది. ఫంగస్ లేదు, ఏడాదికోసారి సిలికా సంచులు మారుస్తూనే ఉన్నాను.

మేనకోడలు: ఆ లెన్సు ఇంకా ఉందా! ఉంటే ఇందాకటి నుంచి కొత్తది కొనమని ఎందుకన్నారు?

మామయ్య: మోటారు లేదు కదా. కుర్రవాడు విసుక్కుంటాడనుకున్నాను.

మేనకోడలు: చేత్తో తిప్పుకుంటాడు. ఫోకస్ కుదిరితే వ్యూఫైండర్ మూలన పచ్చచుక్క వెలుగుతుంది. ముందు దాని అపెర్చర్ రింగును, అంటే లెన్సు ఎంత తెరుచుకోవాలో మార్చే రింగును, చివరి అంకె దగ్గర బిగించి ఇవ్వండి, లేకపోతే కెమెరా ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది.

మామయ్య: 32 దగ్గర. నాకు తెలుసులే. ఎగిరేవాటి జోలికి పోవద్దను, గూట్లో కూర్చున్నవి తీసుకోమను. పిల్లలకు మేత పెట్టే కొంగ పది నిమిషాలు కదలదు.