వెలిగింది కదా!

పాత వాల్వు (ట్రాన్సిస్టర్లకి ముందు వాడిన గాజు గొట్టం) రేడియోలోంచి ఊడదీసిన పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి నా చేతికొచ్చింది. 300-0-300 వోల్టులు (నడిమి వైరుకి అటూ ఇటూ 300), మంచి బరువు. ముందు గిటార్ సిగ్నల్ పెంచే ఈసీసీ83 వాల్వు ఒకటి, వెనక స్పీకర్‌ని నడిపే 6వీ6 వాల్వు ఒకటి, మధ్యలో నేను: గిటార్ ఆంప్లిఫయర్ తయారు. పెట్టె కోయడం, సోల్డరింగ్ వగైరాల సంగతి వదిలేద్దాం.

అసలు తంటా వైర్ల దగ్గరే. పాత అమెరికన్ పద్ధతిలో ప్రైమరీకి (ఇంటి కరెంటు వచ్చే చుట్టకి) నలుపు, హై వోల్టేజికి ఎరుపు, వాల్వులని వేడెక్కించే ఫిలమెంట్లకి ఆకుపచ్చ, రెక్టిఫయర్‌కి (ఏసీని డీసీ చేసే వాల్వుకి) పసుపు వాడేవారు. ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కి నాకంటే ముందే రీవైండింగ్ చేసిన (తీగ మళ్లీ చుట్టిన) మహానుభావుడెవరో గానీ, ఆయనకి రంగుల మీద నమ్మకం లేదు. అన్నీ నలుపే! మీటరు పట్టుకుని, వందల ఓములు చూపించింది హై వోల్టేజి, పదుల్లో ఉన్నది ప్రైమరీ, దాదాపు సున్నా అన్నవి ఫిలమెంట్లు అని తేల్చి ఒక్కో వైరుకీ చీటీ కట్టాను.

ఇలాంటి సామాను మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టరు. 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే వెళ్లేలా కలుపుతారు. అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఎక్కడైనా షార్ట్ ఉంటే వెలుగుతూనే ఉంటుంది. అంటే ఇక్కడ చీకటి శుభం, వెలుగు అశుభం. ఈ ధర్మసూక్ష్మం మా బావగారికి ఎవరు చెప్పాలి?

స్విచ్ వేశాను. బల్బు దేదీప్యమానంగా వెలిగింది.

"వెలిగిందోయ్!" అన్నారు బావగారు. పిల్లలు చప్పట్లు. అక్క కూడా వంటింట్లోంచి వచ్చి "పోనీలే, ఇన్నాళ్లకి" అంది. నా చెయ్యి స్విచ్ మీదకి వెళ్తుంటే బావగారు మణికట్టు పట్టేసుకున్నారు. "ఉండు, వీడియో తీస్తున్నా." అది మామూలు పట్టు కాదు. పెళ్లిలో ఫొటోగ్రాఫర్‌ని కూడా పక్కకి తోసి సొంతంగా వీడియో తీసుకునే మనిషి పట్టు. ఈలోగా ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమని మూలగడం మొదలెట్టింది. "సౌండు కూడా వస్తోంది!" అన్నారాయన, ఫోను దాని దగ్గరికి జరుపుతూ. తర్వాత వార్నిష్ కమురు వాసన. "కొత్త సామాను కదా, వాసనుంటుంది" అని పిల్లలకి వివరించారు. నేను ప్లగ్గే పీకేశాను. "అయ్యో, ఆపేశావేం? బాగా వస్తుంటేనూ!"

కెపాసిటర్‌లో మిగిలిన వోల్టేజి దించి, ట్రాన్స్‌ఫార్మర్ మీద రేకు మూత విప్పితే బండారం బయటపడింది. ఫిలమెంటు వైండింగ్ నట్టనడిమి వైరుని ఆ మహానుభావుడు లోపలే, ఎవరికీ కనబడకుండా, ఇనుప కోర్‌కి బిగించేశాడు. కోర్ ఛాసిస్‌కి (అన్నీ బిగించే రేకు చట్రానికి) బిగిసి ఉంది. పాత రేడియోల పద్ధతిలో ఫిలమెంటు ఒక కొస నేను ఛాసిస్‌కే కలిపాను. ఇంకేముంది, సగం వైండింగ్ షార్ట్! బయటికి ఒక్క వైరు, పోనీ మూత మీద పెన్సిల్‌తో ఒక్క ముక్క రాస్తే ఆయన సొమ్మేం పోయేది?

నేను కలిపిన కొస ఊడదీశాను. ఈసారి బల్బు మెరిసి మసకబారింది, వాల్వులు ఎర్రబడ్డాయి. బల్బు తీసేసి నేరుగా ప్లగ్గులో పెట్టాను. గిటార్ ఖంగుమంది.

బావగారు సోఫాలోంచి తలెత్తి చూశారు. "బల్బు పీకేశావేంటి? అందులో పనిచేసింది అదొక్కటే కదయ్యా!"