నడిచి చూడాలా, కూర్చొని చూడాలా: ఒక అటవీ మీమాంస

దేశంలో తెగని సమస్యలు చాలానే ఉన్నాయి. కావేరి నీళ్లు వాటిలో ఒకటి. బెంగళూరు హొసూరు రోడ్డు పక్కన మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల విహారయాత్ర ఇంకొకటి. కావేరికి ట్రిబ్యునల్ వేశారు. మాకు వాట్సాప్ గ్రూపు ఉంది.

ఈ ఏడాది యాత్ర అడవికి అని తేలడానికి మూడు వారాలు పట్టింది. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మా బ్లాకులో ఓ కుర్రాడు ఆఫీసు పని మీద ఆఫ్రికా వెళ్లొచ్చాడు. వెళ్లినవాడు ఊరుకోకుండా వాకింగ్ సఫారీ చేశాడు. చేసినవాడు ఊరుకోకుండా గ్రూపులో ఫొటోలు పెట్టి, "జీపులో కూర్చుని చూసేది అడవి కాదు, టీవీ" అన్నాడు. అప్పటిదాకా జంతికలు ఎవరు తేవాలన్న చర్చలో ఉన్న సంఘం ఒక్కసారిగా రెండు ముక్కలైంది.

కమిటీ కార్యదర్శిగా ఇరుపక్షాల వాదనలూ నేనే రాసుకున్నాను. భావితరాల కోసం ఇక్కడ నమోదు చేస్తున్నాను.

నడక పక్షం నాయకుడు మూడో అంతస్తు అనంతపురం పెద్దాయన. ఆయనకు ఆఫ్రికా అక్కర్లేదు. "అలిపిరి కాడ 3,550 మెట్లు ఎక్కినోన్ని. యాడాదికి రెండుసార్లు ఎక్కుతా. నాకు నడక నేర్పుతారా మీరు?" అన్నారు. నిజమే. బెంగళూరు తెలుగువాళ్లలో చాలామందికి అడవి అనగానే గుర్తొచ్చేది శేషాచలమే. అక్కడ మనం నడిచే దారి చిరుతలు నడిచే కొండల్లోనే ఉంది. 2023 ఆగస్టులో ఆ దారిలో ఒక చిన్నపాప చిరుతకు బలైంది. ఆ సంగతి దగ్గర నా కలానికి వ్యంగ్యం రాదు. ఆ తర్వాత భక్తులకు తలా ఒక చేతికర్ర ఇచ్చారు చూడండి, అక్కడ మళ్లీ వస్తుంది. జాంబియాలో, దక్షిణాఫ్రికాలో నడక సఫారీకి ముందు తుపాకీ పట్టుకున్న మనిషి నడుస్తాడు. మనకు తలా ఒక కర్ర. కర్రకు తోడు గోవిందనామం. రెండోదాని మీదే అందరికీ ఎక్కువ నమ్మకం.

ఆఫ్రికా కుర్రాడు అసలు పద్ధతి వివరించాడు. జాంబియాలోని లుయాంగ్వా లోయలో నార్మన్ కార్ అనే ఆయన 1950లలోనే ఈ నడక సఫారీలకు దారి వేశాడట. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో అడవి బాటల మీద ఒక జట్టుకు 8 మందికి మించి పర్యాటకులను తీసుకెళ్లరు. ఒకరి వెనక ఒకరు నడవాలి. తెల్లబట్టలు, మెరిసే రంగులు కూడదు. సెంటు కొట్టుకోకూడదు. గాలి మన మీదుగా జంతువు వైపు వీయకుండా దారి ఎంచుకోవాలి. చేతి సైగలే తప్ప మాటల్లేవు. అన్నిటికన్నా ముఖ్యం, ఏం ఎదురొచ్చినా పరుగెత్తకూడదు.

ఈ జాబితా చదివినప్పుడు హాల్లో నిశ్శబ్దం పరుచుకుంది. నడక సఫారీకి కావలసిన నిశ్శబ్దం మా సంఘంలో సాధ్యమేనని రుజువైంది. అయిదు సెకన్లు.

తర్వాత అభ్యంతరాలు వరదలా వచ్చాయి. "8 మందేనా? మా ఇంట్లోనే తొమ్మిది మందిమి" అని నెల్లూరు వదిన. "ఒకళ్ల వెనక ఒకళ్లా? మనోళ్లు రేషన్ షాపు కాడనే నిలబడరు" అని వరంగల్ అన్న. మాటల్లేకుండా అనేసరికి భీమవరం బాబాయిగారు లేచి, "అంత దూరం వెళ్లి మాటాడకుండా రావడానికి, అదేదో ఇంట్లోనే ఉండొచ్చు కదండీ" అన్నారు. పిన్నిగారు ఆయన్ని చూసిన చూపు అడవిలో చూసుంటే నేనైతే గైడు చెప్పింది మరిచిపోయి పరుగెత్తేవాణ్ణి.

నడిచేవాళ్లకు పులి కనిపించే అవకాశం తక్కువన్నది రెండో అభ్యంతరం. ఇది న్యాయమైనదే. జీపు గంటలో చుట్టేసే దారి మనిషి ఉదయమంతా నడిచినా చుట్టలేడు. పైగా మనిషి ఆకారం కనబడితే జింకలు జీపును చూసినప్పటికంటే చాలా దూరం నుంచే పారిపోతాయి. నడిచేవాడికి దొరికేవి వేరు. ఇసుకలో పులి అడుగు, చెట్టు బెరడు మీద ఎలుగుబంటి గోళ్ల గీతలు, ఏనుగు పేడలో ఇంకా ఆరని వెచ్చదనం. గైడు ఆ పేడ ముందు కూర్చుని పావుగంట మాట్లాడతాడు. మా పిల్లలకు ఇది చెబితే, "పేడ చూడటానికి అంత ఖర్చా?" అని అడిగారు. ఆ తరం నగరంలో పుట్టింది. కుక్కల పేరిట మా ఫుట్‌పాత్ మీద అదే దృశ్యం వాళ్లకు ఉచితంగా దొరుకుతుంది.

వాహన పక్షం వాదన సూటిగా ఉంది: కూర్చోవచ్చు. తినవచ్చు (అడవిలో తినకూడదు, అది వేరే విషయం). ఫొటో తీయవచ్చు. పైగా వాహనంలో ఉన్నంతసేపు జంతువు మనల్ని మనుషులుగా లెక్కచేయదు. జీపునూ లోపల ఉన్నవాళ్లనూ కలిపి ఒకే పెద్ద వస్తువుగా చూస్తుందని గైడ్లు చెబుతారు. అందుకే లేచి నిలబడొద్దనీ, చేతులు బయట పెట్టొద్దనీ అంటారు. చెయ్యి బయట పెట్టిన క్షణాన ఆ పెద్ద వస్తువుకు కాళ్లూ చేతులూ మొలుస్తాయి. ఈ సూత్రం బయటి రింగ్ రోడ్డు మీద కూడా పనిచేస్తుంది. కారులో ఉన్నవాణ్ణి మనిషిగా ఎవరూ చూడరు. దిగి రోడ్డు దాటబోతే మాత్రం అందరూ గుర్తిస్తారు, వేగం పెంచుతారు.

నా పక్షం ఏమిటని ఎవరూ అడగలేదు. కార్యదర్శిని అడగరు. చెబుతాను. మనం వాహనం వైపు మొగ్గేది సుఖం కోసం కాదు. నడిస్తే అడవిలో మనం కూడా ఒక జంతువు, అదీ నిదానంగా నడిచే, కోరలు లేని, ఉప్పుగా ఉండే జంతువు. ఏనుగు చెవులు విప్పి తల ఎత్తి మీదికొస్తే అది సాధారణంగా బెదిరింపు, చెవులు వెనక్కి అణిచి తొండం ముడుచుకుని వస్తే నిజం అని గైడు చెబుతాడు. ఆ తేడా మన మీద ప్రయోగిస్తూ ఉండగా గమనించడం ఎవరికి కావాలి? ఈఎంఐలు కట్టేవాడు ఆహారపు గొలుసులో ఎక్కడున్నాడో తెలుసుకోవాలని కోరుకోడు. అది ఆఫీసులో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

రెండు నెలల చర్చ తర్వాత ఎవరికో ఒక ఆలోచన వచ్చింది, నియమాలు చూద్దామని. చూస్తే, బెంగళూరు నుంచి 220 కిలోమీటర్ల దూరంలో ఉన్న బండీపురలో గానీ, దాని పక్క నాగరహొళెలో గానీ సఫారీ అంటే వాహనమే. పులుల అడవి నడిమధ్య పర్యాటకుణ్ణి నడవనివ్వరు. బెంగళూరు శివార్లలోని బన్నేరుఘట్ట పార్కులోనూ అంతే. కాలినడక కావాలంటే కేరళ పెరియార్‌కు వెళ్లాలి, లేదా మధ్యప్రదేశ్ సాత్పురాకు. అంటే లేని అవకాశం గురించి మేం రెండు నెలలు ఓట్లేసుకున్నాం. ఇందులో కొత్తేముందని వరంగల్ అన్న అడిగారు.

పెరియార్ సంగతి మాత్రం నాకు నచ్చింది. ఒకప్పుడు దొంగవేట చేసినవాళ్లే అక్కడ గైడ్లయి, ఇప్పుడు అడవిని కాపాడుతున్నారు. బెంగళూరులో చెరువులు పూడ్చినవాళ్లకే చెరువులు అప్పగించినట్టన్నమాట. తేడా ఏమిటంటే అక్కడ అది పనిచేసింది.

బండీపురది ఇంకో ముచ్చట. 1973లో పులుల రక్షణకు ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పటి తొలి తొమ్మిది అడవుల్లో అదొకటి. 2009 నుంచి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవి మధ్య హైవే మీద బళ్లను ఆపేస్తున్నారు. జంతువులకు కూడా ప్రశాంతంగా రోడ్డు దాటే వేళ ఒకటి కావాలని ప్రభుత్వం ఒప్పుకుంది. మా గేటు ముందు పెద్దవాళ్లు దాటడానికి స్పీడు బ్రేకరు అడిగి ఆరేళ్లయింది. వాళ్లకు చారలు లేవు, అదే లోపం.

చివరికి బన్నేరుఘట్ట బస్సు, ఏసీ, అని తీర్మానించాం. మా గేటు నుంచి పెద్ద దూరమేం కాదు. సఫారీ కన్నా దారి ఎక్కువసేపు పట్టింది. గొట్టిగెరె దగ్గర మేం ఆగి ఉండగా ఒక వీధికుక్క ఫుట్‌పాత్ మీద మమ్మల్ని దాటి వెళ్లింది. నడక పక్షం దాన్ని మినిట్స్‌లో రాయమంది. రాశాను.

ఆ ట్రాఫిక్‌లోనే మాకు కుడ్లు గేటు చిరుత గుర్తొచ్చింది. 2023 అక్టోబరు చివర్లో అది మా రోడ్డుకే వచ్చింది. ఆఫ్రికా కుర్రాడి జాబితా మళ్లీ తీసి చూశాను. చప్పుడు చేయలేదు. సెంటు కొట్టుకోలేదు. మెరిసే బట్టల్లేవు. రాత్రిపూట నడుచుకుంటూ వచ్చి, ఒక అపార్ట్‌మెంట్‌లో తిరిగి, సీసీ కెమెరాలకు తప్ప ఎవరికీ కనబడకుండా పోయింది. మనుషుల్ని చూసే నడక సఫారీ అంతకన్నా పద్ధతిగా ఎవరూ చేయలేరు. ఆ రోజుల్లో మా వాళ్లు పాల ప్యాకెట్టుకు కూడా కారులో వెళ్లారు. నవంబరు 1న దాన్ని పట్టుకున్నారు. పట్టుకునే పెనుగులాటలో చచ్చిపోయింది. అనంతపురం పెద్దాయన బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అదీ పరుగెత్తకుండా ఉండాల్సింది" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

సఫారీ బస్సు కిటికీలకు ఇనుప జాలీ ఉంది. 2024 అక్టోబరులో ఇక్కడే ఒక చిరుత అలాంటి బస్సు కిటికీ పట్టుకుని ఎగబాకి లోపలికి తొంగి చూసిన వీడియో అందరూ చూసినవాళ్లే కాబట్టి, పిల్లలంతా జాలీకి ముఖాలు ఆనించి కూర్చున్నారు. పెద్దలంతా ఫోన్లు ఆనించి కూర్చున్నారు. భీమవరం బాబాయిగారు సంచిలోంచి చేగోడీల డబ్బా తీశారు, పిన్నిగారు లోపల పెట్టించారు.

రెండు గేట్లు దాటాక చెట్టు నీడన సింహం కనిపించింది. డ్రైవరు బస్సు ఆపాడు. అది మాకు వీపు పెట్టి పడుకుని ఉంది. అటు వైపున్నవాళ్లు ఇటు వచ్చారు, బస్సు కొంచెం ఒరిగింది. అయిదు నిమిషాలు చూశాం. తోక ఒకసారి కదిలింది, ఈగ కోసం.

"నాన్నా, అది మన వైపు తిరగదా?" అని నెల్లూరు వాళ్ల చిన్నాడు అడిగాడు.

"దానికి మనం కనబడం రా," అన్నాడు వాళ్ల నాన్న, ఫోన్ దించకుండా. "బస్సే కనబడుతుంది."

"మరి నడిచొచ్చుంటే?"

డ్రైవరు గేరు వేశాడు.