ప్లేటు దింపుడు కళ్లం

ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌కి కావాల్సిన అల్యూమినియం ప్లేటు మీద కంప్యూటర్ పంపిన పేజీని నేరుగా రాసే మెషిన్, ప్లేట్‌సెట్టర్. అందులో లేజర్ తన పని తాను చేసింది. 2400 డీపీఐలో, అంటే అంగుళానికి 2400 చుక్కలతో, ఒక్కో చుక్క దాదాపు పదిన్నర మైక్రాన్ల చొప్పున, ఒక్కటీ పొల్లుపోకుండా రాసింది. తెర మీద గీత నూటికి నూరు చేరింది. డ్రమ్ము నెమ్మదించింది, ఆగింది, లోపల టక్కుమంది. ఆ తర్వాత చప్పుడు లేదు, ప్లేటు కిందికి దిగలేదు. అన్‌లోడ్ ఎర్రర్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటే ఇదే.

ప్లేటును దింపే అన్‌లోడ్ యూనిట్ అనే ఈ పూజారికి ప్రింటింగ్ లోకంలో ఏనాడూ తగిన గౌరవం దక్కలేదు. 1995లో డ్యుసెల్‌డార్ఫ్ ద్రూపా ప్రదర్శనలో ప్లేట్‌సెట్టర్లు బారులు తీరిన నాటినుంచీ అందరూ లేజర్ గురించే మాట్లాడారు. 830 నానోమీటర్ల థర్మల్ గొప్పదా, 405 నానోమీటర్ల వయొలెట్ గొప్పదా అని గొంతులు పోయేలా వాదించుకున్నవాళ్లున్నారు. నాలుగు రబ్బరు కప్పుల గురించి, రెండు రోలర్ల గురించి, ఒక గాలిగొట్టం గురించి గొంతు చించుకున్నవాడు ఒక్కడున్నాడా? బ్రోచర్లలో గంటకు ఇన్ని ప్లేట్లని రాస్తారు. ఆ గంటలో నలుగురు మనుషులు కిటికీకి మూతులు ఆనించి లోపలికి తొంగిచూసే సమయం ఎంతో మాత్రం రాయరు.

సరే, రోగం వచ్చింది గనక వైద్యం చూద్దాం. దీనికి శాస్త్రోక్తమైన మందు ఒక్కటేనని సీటీపీ (కంప్యూటర్ టు ప్లేట్) గదుల పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. ముందు దింపుడు కళ్లం ఆశతో రీసెట్ బటన్ మూడుసార్లు నొక్కాలి. ఉలుకూ పలుకూ లేకపోతే మెషిన్ ఆపి, మళ్లీ ఆన్ చేయాలి.

ఈ మందు గొప్పతనం అల్పులకు అర్థం కాదు. ఎర్రర్ వచ్చిన క్షణాన మెషిన్ తన గోడంతా వెళ్లబోసుకుంటూ ఉంటుంది. ఏ అడుగు దగ్గర ఆగిందో, ఏ సెన్సర్ వెలుగుతోందో, ఏ సిలిండర్ సగంలో నిలబడిందో అంతా అక్కడే ఉంటుంది. పవర్ తీసి పెట్టామా, అన్నీ బుద్ధిగా మొదటి చోటికి వెళ్లిపోతాయి. ఎర్రర్ నంబరు లాగ్‌లో మిగిలితే మిగలొచ్చు, ప్లేటు తోక, అంటే వెనక అంచు, ఎక్కడుందో, గేజి ముల్లు ఎక్కడుందో ఇక ఎవరికీ తెలియదు. దొంగతనం జరిగిన గదిని పోలీసులు రాకముందే కడిగి తుడిచినంత శుభ్రం.

ఇంత చక్కటి పద్ధతి ఉండగా కొందరు ఛాదస్తులు ఒక్క నిమిషం ఆగమంటారు. ఫోన్ తీసి ఎర్రర్ తెరను ఫొటో తీయమంటారు. టార్చి వేసి ప్లేటు ఎక్కడ నిలిచిందో చూడమంటారు. గాలి గేజి చదవమంటారు, రాసిన ప్లేటును డెవలప్ చేసే ప్రాసెసర్ మూతి దగ్గర ఇంకో ప్లేటు అడ్డంగా ఉందేమో చూడమంటారు. ప్లేటు ఆగిన చోటే సగం జవాబని వాళ్ల వాదన. వినడానికి ఓపిక ఉండాలి గానీ అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ దొరకదు.

మోడల్‌ని బట్టి తేడాలున్నా, ప్లేటును డ్రమ్ము పైన చుట్టే మెషిన్లలో దింపే వరస ఇంచుమించు ఒకటే. డ్రమ్ము దింపే కోణానికి వచ్చి ఆగుతుంది. ప్లేటును డ్రమ్ముకు అదిమిపట్టిన వాక్యూమ్ ఆగి, డ్రమ్ము గాడుల్లోకి మామూలు గాలి చేరుతుంది. తోక క్లాంపులు వదులుతాయి. వంగి ఉన్న అల్యూమినియం తన బిగువుతో తానే తోక పైకి లేపుతుంది, దాన్ని సక్షన్ కప్పులో గైడో అందుకుంటాయి. డ్రమ్ము వెనక్కి తిరుగుతూ ప్లేటును ట్రే మీదికి తోస్తుంది. చివర్లో తలను పట్టుకున్న క్లాంపులు వదులుతాయి, రోలర్లో బెల్టులో దాన్ని ప్రాసెసర్ వైపు తీసుకెళతాయి. ప్రతి అడుగుకీ ఇన్ని సెకన్లని గడువుంటుంది, జరిగిందని చెప్పడానికి ఒక సెన్సర్ సాక్షి ఉంటుంది. గడువులోపు సాక్షి నోరు విప్పకపోతే మెషిన్ చేతులెత్తేస్తుంది.

తోకే లేవలేదనుకోండి. ఇక్కడ ఆనవాయితీ ప్రకారం ప్లేటు కంపెనీని తిట్టాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కనిపించినా, ఒక్కోసారి ఆ తిట్టులో న్యాయం లేకపోలేదు. 0.30 మి.మీ. ప్లేటు వదలగానే స్ప్రింగులా లేస్తుంది. 0.15 మి.మీ. ప్లేటుకు మందం సగమే తగ్గినా బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే రేకు బిగువు మందం ఘనంతో పాటు మారుతుంది. ఆ నీరసపు రేకు డ్రమ్మును కావలించుకుని కూర్చుంటే ఆశ్చర్యం లేదు. అయితే నిన్నటిదాకా దిగిన ప్లేటే, అదే మందం, అదే పెట్టె, ఈరోజు దిగనంటే తిట్లు వేరేచోటికి మళ్లించాలి.

మళ్లించదగ్గ చోటు గాలి లోపలికి వదిలే వాల్వు. పంపు ఆగినంత మాత్రాన వాక్యూమ్ పట్టు వదలదు. ఆ వాల్వు తెరుచుకుని ప్లేటు కిందికి గాలి పోవాలి. వాల్వు దుమ్ముకు బిగుసుకున్నా, దాని ఫిల్టరు పూడిపోయినా వాక్యూమ్ తీరిగ్గా దిగుతుంది. గుర్తు పట్టడం తేలిక: ఎర్రర్ వచ్చి పది పదిహేను సెకన్లయ్యాక, ఎవరూ ముట్టుకోకుండానే, ప్లేటు తోక టప్పున లేస్తుంది. సరిగ్గా ఆ సమయానికి ఎవరో ఒకరు రీసెట్ మీద వేలు పెట్టి ఉంటారు గనక ఆ ఘనత రీసెట్ ఖాతాలో పడుతుంది. ఫిల్టరు మాత్రం ఇంకో ఆరు నెలలు అలాగే నల్లబడుతుంది.

ఇంకో ముచ్చట. మెషిన్‌కి 790 మి.మీ. అని చెప్పి 800 మి.మీ. పొడవు ప్లేటు పెట్టడం. కొన్ని మెషిన్లు కొలిచి పట్టేస్తాయి. పట్టుకోనిదైతే, తోక క్లాంపు ప్లేటు అంచు మీద కాకుండా పది మిల్లీమీటర్లు లోపల కూర్చుంటుంది. మిగిలిన పది మిల్లీమీటర్లు జెండాలా రెపరెపలాడుతూ తిరిగి, దిగేటప్పుడు గైడుకి తగులుకుంటుంది. తప్పు జరిగింది ఎక్కించేటప్పుడు, ఎర్రర్ వచ్చింది దింపేటప్పుడు. ప్లేటు వంకరగా ఎక్కినా ఇదే కథ. పెట్టె లోంచి తీసేటప్పుడు మూల రెండు మిల్లీమీటర్లు వంగినా ఇదే కథ. శిక్ష మాత్రం ఎప్పుడూ అన్‌లోడ్ యూనిట్‌కే.

తోక లేచింది, కప్పులు అందుకున్నాయి, మధ్యలో జారిపోయింది. ఇప్పుడు అసలు సభ మొదలవుతుంది. ‘గాలి ఉంది’ అంటాడు ఆపరేటర్, గేజి చూపించి. గేజి 6 బార్ చూపిస్తూనే ఉంటుంది. ఆగి ఉన్న మెషిన్ మీద గేజి చదవడం, నిద్రపోతున్నవాడి ఒంట్లో సత్తువ కొలవడం లాంటిది. సిలిండర్ కదిలేటప్పుడు, కప్పులు పీల్చేటప్పుడు ముల్లు ఎక్కడికి పడుతోందో చూడాలి. చాలా మెషిన్లు 5–6 బార్ దగ్గర పనిచేసినా, మాన్యువల్‌లో మీ మోడల్‌కి రాసిందే లెక్క. కదిలేటప్పుడు ముల్లు అంతకన్నా కిందికి జారితే గొట్టం సన్నమైనా అయ్యుండాలి, ఫిల్టరు పూడైనా ఉండాలి, లేదా అదే కంప్రెసర్ మీద బతికే పక్క మెషిన్ అదే క్షణాన గాలి లాగేసుకునైనా ఉండాలి. పక్క మెషిన్ నడిచే వేళల్లోనే ప్లేటు జారుతోందంటే ఇక అనుమానం అక్కర్లేదు. కంప్రెసర్ ట్యాంకు కింద నీళ్లు వదిలే కుళాయి ఒకటుంటుంది. దాన్ని ఎన్నడూ తిప్పకపోతే ఆ నీళ్లు లైన్‌లో ప్రయాణం చేసి కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వుల దాకా వెళ్లి కాపురం పెడతాయి.

ఇక ఆ కప్పులు. కొత్త కప్పు పెదవి మెత్తగా ఉంటుంది, వేలితో నొక్కితే వంగి వెంటనే తిరిగి వస్తుంది. పాతది గట్టిపడి, అంచున సన్నటి పగుళ్లు తేలి, మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు చూసి ‘బాగానే ఉందిగా’ అనడం మన నిపుణుల ప్రత్యేకత. భాగాలను విడివిడిగా పరీక్షించే డయాగ్నొస్టిక్ మోడ్‌లో సక్షన్ ఆన్ చేసి, ఒక్కో కప్పుకీ చిన్న ప్లేటు ముక్క తగిలించి చూడండి. పట్టుకుని ఊరుకుంటే బాగున్నట్టు. సుయ్‌మని చప్పుడొస్తే కప్పో, దాని వెనక గొట్టమో కారుతున్నట్టు. గొట్టం సాధారణంగా మధ్యలో చిరగదు. కనెక్టర్ దగ్గర, లేదా యూనిట్ కదిలినప్పుడల్లా మడతపడే చోట చిట్లుతుంది. అన్ని కప్పులూ సుయ్‌మంటే వాటి జోలికి వెళ్లకుండా వాక్యూమ్ పుట్టించే ఎజెక్టర్‌నీ దాని సైలెన్సర్‌నీ చూడాలి. మార్చేటప్పుడు మొత్తం సెట్టు మార్చాలి. రెండు కొత్తవి రెండు పాతవి పెడితే ప్లేటు ఒక పక్క లేచి ఒక పక్క వేలాడుతుంది. పొదుపు చేసి కొత్త ఎర్రర్ కొనుక్కున్నట్టే.

రోలర్ల సంగతి చిన్నదే. రబ్బరు మీద దుమ్మూ కాగితపు నూగూ పట్టి నున్నబడితే ప్లేటు మీద జారతాయి. నూగు వదలని గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి, రోలర్ చేత్తో తిప్పుతూ తుడిస్తే చాలు. ప్రెస్ దగ్గరి వాష్ డబ్బా తెచ్చి పోస్తే రబ్బరు ఉబ్బుతుంది, అప్పుడు తుడిచే శ్రమ కూడా ఉండదు. ప్లేటు ప్రతిసారీ ఒకే పక్కకు తిరిగిపోతుంటే ఆ పక్క బెల్టు వదులైందో, కప్లింగ్ స్క్రూ జారిందో చూడండి.

ప్లేటు బంగారంలా ట్రే మీదికి వచ్చింది, అయినా ఎర్రర్. దీన్ని మాయ అంటారు. మాయకు ముఖ్య కారణం ప్రాసెసర్. ‘నేను సిద్ధం’ అన్న సిగ్నల్ అక్కడినుంచి వస్తే గానీ ప్లేటు కదలదు. లెక్క వేసుకోండి: ప్రాసెసర్ నిమిషానికి ఒక మీటరు లాగితే, 605 మి.మీ. ప్లేటు మూతి దాటడానికే 36 సెకన్లు. అంతకన్నా ముందు ఇంకోటి తోస్తే పోదు. డెవలపర్ ఇంకా వేడెక్కలేదనో, మూత సరిగ్గా పడలేదనో ప్రాసెసర్ అలిగి కూర్చుంటే, తిట్లు తినేది ప్లేట్‌సెట్టర్. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. రెంటి మధ్యలో ప్లేటును మోసే బ్రిడ్జి వేగం కూడా ప్రాసెసర్‌తో కలవాలి. బ్రిడ్జి తొందరపడితే ప్లేటు నడుము ఉబ్బుతుంది, బద్ధకిస్తే ప్రాసెసర్ లాగుడుకి కింద గీతలు పడతాయి.

మాయకు రెండో కారణం సెన్సర్. అది రెండు రకాలుగా అబద్ధమాడుతుంది: ఉన్న ప్లేటు లేదంటుంది, లేని ప్లేటు ఉందంటుంది. మొదటిదైతే కన్ను మీద దుమ్మో, కన్ను పక్కకు తిరగడమో, కదిలే కేబుల్ లోపల తెగడమో కారణం. రెండోదైతే చాలాసార్లు కారణం కాగితం ముక్క. ప్లేటుకీ ప్లేటుకీ మధ్య ఉండే ఇంటర్‌లీఫ్, గదిలో గాలి పొడిబారితే స్టాటిక్‌తో అంటుకుని, చిరిగి, గోరంత ముక్క ఎగిరి సెన్సర్ ముందు వాలుతుంది. తేల్చుకోవడానికి డయాగ్నొస్టిక్ తెర ముందు పెట్టుకుని, సెన్సర్ ముందు ఒక ప్లేటు ముక్క పెట్టి తీయండి. తెర మీద వెలుగు దానితో పాటు మారితే సెన్సర్ సత్యవంతుడే. బోర్డు మార్చాలన్న తీర్మానం చేసేముందు ఈ అర నిమిషం ఖర్చు పెట్టొచ్చు. అయితే బోర్డు పెద్ద పార్సిల్‌లో వస్తుంది, సంతకం పెట్టి తీసుకోవాలి. కాగితం ముక్కకు ఆ హోదా ఎక్కడిది?

చివరి ఘట్టం, ఇరుక్కున్న ప్లేటును చేత్తో లాగడం. ఇందులో మాత్రం వేళాకోళం చాలిద్దాం. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే మెషిన్ ఆగుతుంది గానీ కరెంటు మొత్తం పోయినట్టు కాదు. మెయిన్ స్విచ్ తీయండి, గాలి లైన్ మూసి మిగిలిన ఒత్తిడి వదలండి. మూత తెరిస్తే లేజర్‌ని ఆపే ఇంటర్‌లాక్‌కి అయస్కాంతమో స్క్రూడ్రైవరో పెట్టి లోపల చూసే విద్య మానుకోండి. 830 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు, కంటిని మాత్రం వదలదు. అల్యూమినియం అంచు కత్తి లాంటిది గనక చేతికి గ్లౌజులు వేసుకోండి. క్లాంపు ఇంకా పట్టుకుని ఉండగా ప్లేటు గుంజితే ప్లేటును సరైన చోట నిలిపే రిజిస్టర్ పిన్ వంగుతుంది, అప్పటినుంచీ రంగులు కుదరవు. డ్రమ్మును మాన్యువల్ చెప్పిన వైపే చేత్తో తిప్పి, క్లాంపును మాన్యువల్ చెప్పిన తీరులో వదిలించి, ప్లేటును వంపు దారిలోనే బయటికి తీయండి. లోహపు గరిటె, స్కేలు డ్రమ్ముకు తగలనివ్వద్దు. తీశాక మూలలు నాలుగూ లెక్కపెట్టండి. ఒక చీలిక లోపల ఉండిపోయినా, ప్లేటు సగం పట్టులో మిగిలినా, తర్వాత డ్రమ్ము నిమిషానికి వందల చుట్లు తిరిగినప్పుడు అది నేరుగా వెళ్లి తగిలేది లేజర్ హెడ్‌కి. ఆ మెషిన్ మొత్తంలో అంతకన్నా ఖరీదైన భాగం వెతికినా దొరకడం కష్టం.

ఇవన్నీ అయ్యాక రిజిస్టరు ఉంటుంది. తేదీ, షిఫ్టు, ఎర్రర్ నంబరు, ప్లేటు సైజు, ఆగిన చోటు, గేజి ముల్లు, చేసిన పని అని గళ్లు గీయాలని ఛాదస్తుల కోరిక. ఒకే చోట మూడుసార్లు ఆగిందంటే నాలుగోసారికి ఏ భాగం విప్పాలో పేజీయే చెబుతుందట. మామూలుగా కనిపించే రిజిస్టరులో ఒక్కటే గడి ఉంటుంది, అందులో రాత ఇలా ఉంటుంది: ‘అన్‌లోడ్ ఎర్రర్. ఆఫ్ చేసి ఆన్ చేశాం. ఓకే.’

దాని కింది వరసలో, నలభై నిమిషాల తర్వాత: ‘పై మాదిరే.’