అవ్వ చీర తడిస్తే ఏమనాలి?

నిరుడు మర్రిగూడ వైపు మా చుట్టాలింట్లో పెళ్లి. పందిట్లో కుర్చీలో కూర్చున్న మా మేనత్త లేవబోతే వెనుక చీర తడిసి కనిపించింది. పక్కనున్న మనుమరాలు "అవ్వ మళ్ల పోసుకున్నది" అని కేకేసింది. పిల్లను తప్పుబట్టలేం, ఇంట్లో రోజూ వినే మాటే అది. అత్త మళ్లీ కూర్చుండిపోయింది. కొంగు వెనక్కి లాగి నడుముకు చుట్టుకుంది. బువ్వకు లెమ్మన్నా ఆకలి లేదంటూ, పందిరి ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. ఆ తర్వాత రెండు పెళ్లిళ్లకు పిలిచినా రాలేదు.

"పోసుకున్నది". ఈ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. వండుకున్నది, కట్టుకున్నది, కొనుక్కున్నది అన్నట్టే, ఆ 'కొను' చేరగానే పని మనిషి మీదకు వస్తుంది. తానే చేసింది, తనకోసమే చేసింది అన్నట్టు వినబడుతుంది. కొంచెం మెత్తగా "ఆపుకోలేకపోయింది" అన్నా ఆమె చేతగానితనమే ముందుకొస్తుంది. అదే "ఒంటేలు ఆగలేదు" అంటే? ఆగనిది ఒంటేలు, అత్త కాదు. "పక్క తడిసింది" అంటే మార్చాల్సింది పక్కబట్ట, అంతే. కొత్త పదాలేవీ పుట్టించక్కర్లేదు. ఇవి మన ఇళ్లలో ఉన్నవే.

మాట ఒక్కటే కాదు, నిజం కూడా అదే. ఎక్కువ కాన్పులైన ఆడవాళ్లకు మూత్రాన్ని పట్టి ఉంచే అడుగు కండరాలు వదులవుతాయి. మగవాళ్లకు మూత్రాశయం కిందుండే ప్రోస్టేట్ గ్రంథి పెరుగుతుంది. షుగరు, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, బీపీకి వాడే, మూత్రం ఎక్కువ పోయించే నీటి మాత్రలు, పక్షవాతం, ఇన్ని కారణాలుంటాయి. మా నల్లగొండకు ఇంకొకటి ఉంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు, నడుము బిగుసుకుపోయినవాళ్లకు మూత్రాశయం బాగానే ఉన్నా, మంచం దిగి వాకిలి చివరనున్న బాత్రూం చేరేలోపే అయిపోతుంది. ఎముక పెరిగి వెన్నుపామును నొక్కితే మూత్రం మీద పట్టే పోవచ్చు. బోరునీళ్లు చేసిన పనికి ఆ ముసలాయనను "పోసుకున్నడు" అనడం ఎంత అన్యాయం!

అట్లని మాటను పూర్తిగా దాచేస్తే మరో నష్టం. పాలమూరులో కొడుకూ కోడలూ ముంబైకో పుణేకో పనికి పోతే, ముసలామెను పక్కింటివాళ్లు దవాఖానకు తీసుకుపోతారు. "జర చాతనైతలేదు సారూ" అంటారు. ఆ మాటకు సూదేసి, బలం గోలీలు రాసి పంపిస్తారు. "దగ్గితే పడుతది" అని చెబితే వైద్యం వేరు. ఆ అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్పుతారు. "పోవాలనిపించి లేచేలోపే అయితది" అంటే రెండు మూడు గంటలకోసారి అలవాటుగా వెళ్లిరమ్మంటారు, అవసరమైతే మందిస్తారు. "చుక్కచుక్క కారుతనే ఉంటది" అంటే లోపల మూత్రం నిలిచిపోతోందేమో చూడాలి. నిన్నటిదాకా బాగున్న మనిషికి ఉన్నట్టుండి మొదలైతే, అందులోనూ జ్వరమో మాట తడబాటో ఉంటే, ఆగకుండా తీసుకుపోవాలి. మన వాడుకమాటలే సగం రోగాన్ని చెప్పేస్తున్నాయి. వాటిని సిగ్గుతో మింగేస్తున్నాం.

ఎవరూ మాట్లాడకపోతే పెద్దలు తమకు తోచిన వైద్యం చేసుకుంటారు. మా అత్త పొద్దుగూకితే నీళ్లు ముట్టేది కాదు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, మలబద్ధకం పెరుగుతుంది. చేసిన త్యాగమే బాధను పెంచుతుంది.

2025 సెప్టెంబరు 22 నుంచి క్లినికల్ డైపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ "డైపర్ ఏసినం, పసిపిల్ల లెక్కయింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పే ఇంట్లో అది ధర తగ్గినా బరువే. ఆమె పసిపిల్ల కాదు. నలుగురిని కని, నాట్లేసి, ఇల్లు నిలబెట్టిన మనిషి.

ఆ పెళ్లి తర్వాత అత్త కోడలు, మా వదిన మారింది. డైపర్ అనదు, "లోబట్ట" అంటుంది. తడిస్తే ముందుగా తలుపు దగ్గరేసి, "అత్తమ్మా, పక్క తడిసినట్టుంది, చీర మార్చుకుందువు లే" అంటుంది. మొన్న బతుకమ్మ నాడు అత్త గడప దగ్గరే ఆగిపోయింది. వదిన బతుకమ్మను కింద పెట్టి, "నేను ఒంటేలుకు పోయొస్త, నువ్వు గూడ వస్తవా అత్తమ్మా?" అని అడిగింది. ఇద్దరూ పోయొచ్చాక గుడి దగ్గరికి నడిచారు.